ముందుగదిలో రిఫార్మర్

పోపు గింజలు చిటపటలాడుతుండగా ప్రేమమణి చేతిలోంచి గరిటె జారి స్టవ్ గట్టు కిందికి దొర్లింది. ఆమె దాని వంక చూసింది. వంగగలదు. కానీ మళ్ళీ లేచేలోపు ఆవాలు మాడిపోతాయి. కాలి వేళ్ళతో గరిటెను ఇవతలికి లాక్కుని, "ఏవండీ, ఒకసారి ఇటు రండి" అని పిలిచింది.

ఆర్థర్ పేపరు మడిచి పెట్టి వచ్చాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. గరిటె తీసి సింకులో వేసి, గూట్లోంచి ఇంకోటి అందించాడు.

"ఇవాళ నడుమా, మోకాలా?"

"రెండూ. ఆ రెండూ మాట్లాడుకునే వస్తాయి."

"అమ్మాయికి ఒక మాట చెప్పకూడదూ?"

"ఇప్పుడా? ఇప్పుడు దానికి తీరికెక్కడిది. వాళ్ళత్తగారి కాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంటుంది."

ఆర్థర్ స్టవ్ మంట తగ్గించాడు. మల్కాజ్‌గిరిలో వాళ్ళుంటున్న ఆ చిన్న ఇంట్లో ఈ మాట ఈ మధ్య ఉప్మాలో కరివేపాకులా రోజూ పడుతూనే ఉంది.

క్యారల్ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. బి.ఈడి. చేసి మంచి స్కూల్లో సైన్సు చెప్పేది. పద్మారావు నగర్‌లో ఉండే జెరెమియాతో పెళ్ళయిన కొన్నాళ్ళకి ఆ ఉద్యోగం వదిలేసి, పిలాటిస్ అనే వ్యాయామం నేర్చుకుని, అత్తవారింటి ముందుగదిలో రిఫార్మర్ అనే మిషన్ పెట్టింది. చూడ్డానికి అది పొడుగాటి మంచం చట్రంలా ఉంటుంది. దాని మీద చక్రాలపై ముందుకీ వెనక్కీ జారే పరుపు బల్ల, ఆ బల్లను పట్టి ఉంచే స్ప్రింగులు, కాళ్ళకీ చేతులకీ తగిలించుకునే పట్టీలు. గుంపుగా కాదు, ఒక వేళకి ఒక్కరే వస్తారు. వచ్చినవాళ్ళ నడుము ఎటు వంగింది, పాదం ఎటు తిరిగింది చూసుకుంటూ క్యారల్ పక్కనే ఉండి చేయిస్తుంది.

చర్చిలో ఎవరైనా "మీ అమ్మాయి ఏం చేస్తుందండీ?" అంటే ప్రేమమణి ఇప్పటికీ "టీచర్" అనే చెబుతుంది.

ఉప్మా తిన్నాక ఫోన్ తీసింది. క్యారల్ స్టేటస్‌లో పుష్పమ్మగారి ఫొటో ఉంది. క్యారల్ అత్తగారు, బేగంపేటలో ఏదో ఆఫీసులో టైపిస్టుగా చేసిన ఆవిడ, మిషన్ మీద వెల్లకిలా పడుకుని, పట్టీల్లో పాదాలు పెట్టుకుని, ఉయ్యాల ఎక్కిన పిల్లలా నవ్వుతోంది. కింద క్యారల్ రాసింది: 'మా అత్తయ్య. నా బెస్ట్ స్టూడెంట్.'

ప్రేమమణి ఆ ఫొటోను పెద్దది చేసింది. పుష్పమ్మగారి మడమ కింద ఒక చెయ్యి ఉంది. ఆ చేతికి తను పెళ్ళిలో పెట్టిన ఉంగరం ఉంది.

"ఎన్నిసార్లు చూసినా స్టేటస్ చూసినవాళ్ళ లిస్టులో నీ పేరు ఒక్కసారే పడుతుందిలే ప్రేమా" అన్నాడు ఆర్థర్ పేపరు వెనక నుంచి.

"నేనేం చూడట్లేదు. టైము చూస్తున్నా."

ఆమెకు అసలు మంట మొన్నటి ఆదివారం మొదలైంది. రెండు కుటుంబాలదీ సికింద్రాబాద్‌లో ఒకే చర్చి. ప్రభు భోజన సంస్కారం రోజున అందరూ వరసగా వెళ్ళి బల్ల ముందు మోకరిస్తారు. ప్రేమమణి చిన్నప్పటి నుంచీ అలా మోకరించిన మనిషే. మోకాళ్ళు అరిగాక బెంచీలోనే కూర్చుంటోంది. అందరిదీ అయ్యాక పాస్టరు అయ్యగారు రొట్టె, ద్రాక్షరసం ఆమె దగ్గరికే తెచ్చి ఇస్తారు. అంత పెద్దాయన తన కోసం నడిచి రావడం, ఆ కాసేపూ అందరూ తన కోసం ఆగడం ఆమెకు ముల్లులా ఉంటుంది. మొన్న అలా కూర్చునే చూసింది, తన కన్నా పెద్దదైన పుష్పమ్మగారు బల్ల ముందున్న కమ్మీ పట్టుకోకుండానే మోకరించి, పట్టుకోకుండానే లేచి రావడం. వెనక బెంచీలో ఎవరో అన్నారు, "కోడలి చేతి చలవండీ."

దేవుని బల్ల దగ్గర కూడా ఈర్ష్య పుడుతుందా? పుట్టింది. ఆ రోజు రొట్టె ముక్క మింగుడు పడలేదు.

మధ్యాహ్నం క్యారల్ ఫోన్ చేసింది.

"అమ్మా, శనివారం స్త్రీల ప్రార్థన మా ఇంట్లో. పెందలాడే రా. నీకిష్టమని అత్తయ్య రవ్వకేసరి చేస్తానన్నారు."

"నాకిష్టమని ఆవిడకెవరు చెప్పారు?"

"నేనే. ఎవరు చెబుతారింక?"

"ఓహో. అయితే నా సంగతులు కూడా అప్పుడప్పుడూ గుర్తొస్తాయన్నమాట."

"ఉంటానమ్మా. నాగజ్యోతిగారు వచ్చారు, క్లాసుంది" అంది క్యారల్.

శనివారం పద్మారావు నగర్ ఇల్లు ఆడవాళ్ళతో నిండింది. హాల్లో చాపలు, గోడ వారగా కుర్చీలు. ప్రేమమణికి కుర్చీ వేశారు. పుష్పమ్మగారు చాప మీద కూర్చుని, కేసరి గిన్నె కోసం ఒకసారి, నీళ్ళ కోసం ఒకసారి, ఊరికే ఇంకోసారి లేచారు. కనీసం ప్రేమమణికి అది ఊరికే అనిపించింది.

"పుష్పమ్మగారూ, ఏం తింటున్నారండీ మీరు? మాకూ చెప్పండి" అంది ఒకావిడ.

"తిండిలో ఏం లేదమ్మా. పొద్దున్నే మా కోడలు నన్ను పట్టుకుని చపాతీ పిండిలా సాగదీస్తుంది. అంతే."

అందరూ నవ్వారు. ప్రేమమణి బైబిలు కవరు జిప్పు తీసి మళ్ళీ వేసింది.

పాటలు, వాక్యం అయ్యాక, అయ్యగారి భార్య చుట్టూ చూసి, "ప్రేమమణమ్మగారు ముగింపు ప్రార్థన చేస్తారు" అన్నారు. ప్రేమమణి ప్రార్థన బాగా చేస్తుందని పేరు. మాటలు తడుముకోదు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

"కృపగల ప్రభువా" అని మొదలుపెట్టింది. రోగుల కోసం అడిగింది, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళ కోసం అడిగింది. తర్వాత గొంతు కొంచెం పెంచింది. "ప్రభువా, ఈ కాలపు కుమార్తెలను జ్ఞాపకం చేసుకో. పరుల సేవలో మునిగి, కన్నతల్లి నొప్పిని మరిచిపోయిన పిల్లల హృదయాలను నువ్వే తాకు. తల్లి మోకరించలేక కూర్చుని ఉంటే చూసీ చూడనట్టు వెళ్ళే కళ్ళను నువ్వే తెరువు..."

"ఆమెన్" అని అందరికన్నా ముందు అన్నది పుష్పమ్మగారు. మిగిలినవాళ్ళు ఆ వెనక ఒక్కొక్కరుగా అన్నారు. క్యారల్ గొంతు అందులో వినబడలేదు.

ప్రార్థనలో ఎవరి పేరూ ఎత్తకపోతే అది ఎవరినీ అన్నట్టు కాదా? ప్రేమమణి తనలో తను అలాగే సర్దిచెప్పుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. క్యారల్ టీ కప్పులు ట్రేలో సర్దుతోంది. ఆమె వెనక్కి తిరగలేదు.

"అమ్మా, ఇందాక నువ్వు దేవుడితో మాట్లాడావా, నాతో మాట్లాడావా?"

"నేను ఎవరి పేరైనా ఎత్తానా?"

"ఎత్తినా బావుండేది. 'మా క్యారల్' అంటే నేనొక్కదాన్నే తల దించుకునేదాన్ని. ఇప్పుడు కళ్ళు తెరిచి అందరూ నన్నూ చూశారు, అత్తయ్యనీ చూశారు. పరులు అంటే ఎవరు? ఆవిడేగా?"

"నిజం లేనిదే ఎందుకు చూస్తారు? పొద్దున ఫోన్ చేస్తే ఎత్తవు. నిన్ను చంకనేసుకుని ఈ మోకాళ్ళ మీదే బస్సులెక్కి దిగాను. ఇవాళ ఒకరి కాళ్ళు పట్టుకుని ఫొటోలు దించుకుంటున్నావు. 'అమ్మా, రా, నీకూ చేయిస్తాను' అని ఒక్కనాడు అన్నావా?"

"అన్నాను."

"ఎప్పుడు?"

క్యారల్ ఇప్పుడు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు పెంచలేదు.

"మిషన్ వచ్చిన రోజు. అయ్యగారు ప్రార్థన చేసి వెళ్ళాక. 'మొదట నువ్వే ఎక్కమ్మా' అన్నాను. నువ్వు గది లోపలికి కూడా రాలేదు. వరండాలో నిలబడి, 'ఈ వయసులో ప్యాంటు తొడుక్కుని కాళ్ళు పైకెత్తాలా? నిన్ను చదివించింది ఊళ్ళోవాళ్ళ కాళ్ళు పట్టుకోవడానికా?' అన్నావు. పక్కన ఎంతమంది ఉన్నారో చూశావా?"

ప్రేమమణి ట్రేలో ఒక కప్పు సరిచేసింది. ఆ మాట అన్న సంగతి గుర్తుంది. తేలిగ్గా అన్నట్టు గుర్తుంది.

"మళ్ళీ ఎందుకు అడగలేదు?" అంది చివరికి.

"మళ్ళీ అదే మాట అంటావని భయమేసింది. ఒకసారి విన్నాను, చాలు."

క్యారల్ ట్రే తీసుకుని హాల్లోకి వెళ్ళింది. ప్రేమమణి దొడ్డి గుమ్మంలోంచి బయటికి వచ్చి, చెప్పులు వేసుకుని, ఆటో పిలుచుకుంది. కేసరి తినలేదు. మల్కాజ్‌గిరి చేరాక గానీ తెలియలేదు, బైబిలూ కళ్ళజోడూ అక్కడే కుర్చీలో వదిలేసిందని.

ఆదివారం ఒళ్ళు బాగోలేదని చర్చికి వెళ్ళలేదు. సోమవారం పొద్దున ఆర్థర్ బైబిలు తెరిచింది. అక్షరాలు చిన్నవి. పైగా తను గీతలు గీసుకున్న చోట్లేవీ అందులో లేవు. కాసేపు పేజీలు తిప్పి మూసేసింది.

"నేను వెళ్ళి తీసుకురానా?" అన్నాడు ఆర్థర్.

"వద్దు. నేనే పెట్టి వచ్చాను, నేనే తెచ్చుకుంటా."

"తెచ్చుకునేది బైబిలేనా?"

"మీరు పేపరు చదువుకోండి."

పద్మారావు నగర్‌లో గేటు తీసుకుని వెళ్ళేసరికి ముందుగది తలుపు వేసి ఉంది. వరండా బల్ల మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. మెడలో టేపు వేలాడుతోంది. ప్రేమమణిని చూసి జరిగి చోటిచ్చింది.

"కూసోండ్రి అమ్మా. మీరు సుత కొత్తగొచ్చిన్రా?"

ప్రేమమణి ఏమనాలో తెలియక "ఊఁ" అంది.

"జెర భయమైతది మొదట్ల. నాక్కూడ అయ్యింది. నా పేరు నాగజ్యోతి. గా ఎదురుంగ బ్లౌజులు కుట్టే షాపు నాదే. పొద్దంతా మిషిన్ మీద వంగి వంగి నడుము పట్టేసేది. పడుకుంటే లేవనీకె తక్లీఫ్, లేస్తే కూసునేటందుకు తక్లీఫ్. మాత్రలు మింగి మింగి పరేషాన్ అయిన. గిప్పుడు చూడండ్రి" అని లేచి, వంగి, చెప్పు సరిచేసుకుని, మళ్ళీ కూర్చుంది.

"అంత పనిచేస్తుందా ఇది?"

"ఒక్కదినంల కాదమ్మా, మేడం మొదలే చెప్పింది గా మాట. నిదానంగనే ఐతది. కడుపు లోపల ఏదో కండ ఉంటదట, అది గట్టిపడితే నడుముకు ఆసరా అయితదట. నాకైతే గవన్నీ తెల్వయి. కుట్టేటప్పుడు నొప్పి యాదికొస్తలేదు, గంతే."

"మీకు ఎవరు చెప్పారు ఇక్కడికి రమ్మని?"

"ఎవ్వరు చెప్పలే. పెద్దమ్మను చూసి వచ్చిన. క్యారల్ మేడం వాళ్ళత్త. షురూల ఇక్కడికి పురుగు సుత రాకపోయేది. మేడం ఒక్కతే గేటు దిక్కు చూసుకుంట కూసునేది. నా షాపుకెల్లి కనబడతది గద. ఒకనాడు చూస్తే కిటికీ పర్దా మొత్తం తీసేసి ఉన్నది. పెద్దమ్మ గా మిషిన్ మీద పండుకుని, రోడ్డు మీద పోయేటోళ్ళందరు చూసేటట్టు కాళ్ళు ఊపుతున్నది. రోజూ గంతే. గీ వయసుల గామె చేస్తుంటే నాకేం రోగమని నేను వచ్చిన. నన్ను చూసి ఇంకొకామె."

"ఆవిడకి ఏం నొప్పి ఉండేది?"

నాగజ్యోతి నవ్వింది. "నేనూ గదే అడిగిన. 'నాకేం నొప్పి లేదమ్మా, పిల్ల ఒక్కతే కూర్చుంటే నాకు అన్నం సయించలేదు' అన్నది."

ప్రేమమణి కిటికీ వైపు తిరిగింది. పర్దా ఇప్పుడు కూడా సగం తీసే ఉంది. లోపల పుష్పమ్మగారు వెల్లకిలా పడుకుని ఉన్నారు. క్యారల్ మిషన్ చివర నేల మీద మోకాళ్ళూని, ఆవిడ పాదం వంకర పోకుండా అరచేత్తో ఆనించి పట్టుకుని, ఏదో చెబుతోంది. చిన్నప్పుడు లెక్క రాకపోతే పలక మీదికి వంగినంత శ్రద్ధగా ఉంది ఆ మొహం. మిషన్ వచ్చిన రోజు ఆ గదిలోకి తొంగి చూసి ఉంటే ఇది అప్పుడే కనబడేదా? కనబడేదేమో. తను చూడలేదు.

"మీకు పిల్లలు ఉన్నరా అమ్మా?" అంది నాగజ్యోతి.

"ఒక్కతే అమ్మాయి."

"ఏం చేస్తది?"

ప్రేమమణి నోట్లో 'టీచర్' అన్న మాట అలవాటుగా కదిలింది. దాన్ని మింగేసింది.

"ఇదే చేస్తుంది. లోపలున్నది మా అమ్మాయే."

నాగజ్యోతి ఒకసారి ఆమె మొహమూ, ఒకసారి కిటికీ చూసింది. తర్వాత లేచి నిలబడి, "నేను షాపు తెరిచి మళ్ళొస్తా. నాకంటె ముందు మీరే పోండ్రి" అని గేటు వేసి వెళ్ళిపోయింది.

తలుపు తెరుచుకుంది. మొదట బయటికి వచ్చింది పుష్పమ్మగారు. ప్రేమమణిని చూసి ఏమీ జరగనట్టే, "రండి వదినగారూ. మీ బైబిలు నా మంచం దగ్గరే పెట్టాను. పిల్లలెవరైనా కళ్ళజోడు విరగ్గొడతారని గుడ్డలో చుట్టాను" అన్నారు.

"వదినగారూ, ఆ రోజు ప్రార్థనలో నేను..."

"నేను ఆమెన్ అన్నాను కదండీ. మనసులో లేకుండా అంటానా? మీ మాట నిజమే. ముందు మీకు చెయ్యాల్సిన సేవ నేను తీసుకుంటున్నానని నాకూ లోపల ఉంది. నేనే క్యారల్‌తో చెప్పాల్సింది. మీరు బాధపడతారేమోనని ఊరుకున్నాను."

ఆ ఆమెన్‌ను ప్రేమమణి రెండు రోజులుగా ఎత్తిపొడుపు అనుకుంటోంది. ఆవిడ చెయ్యి పట్టుకుంది.

క్యారల్ గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

"నన్ను ఎక్కిస్తావా దాని మీద?" అంది ప్రేమమణి.

క్యారల్ పెదవి బిగపట్టి, "చీర కట్టుకుని కుదరదమ్మా" అంది.

"నా సల్వారు ఇస్తాను" అన్నారు పుష్పమ్మగారు.

"మీది నాకు పడుతుందా?"

"నాడా ఉంది కదండీ. ఎవరికైనా పడుతుంది."

సల్వారు తొడుక్కుని వచ్చిన తల్లిని చూసి క్యారల్ నవ్వలేదు. నవ్వుకుందేమో గానీ కనబడనివ్వలేదు. పరుపు బల్ల మీద పడుకోబెట్టి, తల కింద దిండు సర్ది, పాదాలు రెండూ ఎదురుగా ఉన్న కడ్డీ మీద ఆనించింది. స్ప్రింగులు తగిలించింది.

"నుంచుని గుంజీలు తీస్తే నీ బరువంతా మోకాలి మీద పడుతుందమ్మా. ఇక్కడ పడుకుని ఉన్నావు కాబట్టి స్ప్రింగు బరువే. అది కూడా నీకెంత కావాలో అంతే పెట్టాను. నొప్పి వస్తే చెప్పు, దాచకు. ఇప్పుడు మెల్లగా తొయ్యి."

ప్రేమమణి తోసింది. బల్ల జారింది. పడవ ఒడ్డు వదిలినట్టు ఒళ్ళంతా వెనక్కి వెళ్ళింది. మోకాలు చప్పుడు చేయలేదు. ఆ ఆశ్చర్యంలో కాళ్ళు వదిలేసింది. బల్ల ధడాలున వచ్చి కొట్టుకుంది.

"అమ్మా."

"నేనేం చేశాను? అదే లాగేసింది."

"లాగుతుంది. తొయ్యడం అందరూ తోస్తారు. తిరిగి వచ్చేటప్పుడే నిదానం. స్ప్రింగు లాగుతుంటే నువ్వు ఆపుకుంటూ రావాలి. బలం అక్కడే వచ్చేది."

ఈసారి ఆపుకుంటూ వచ్చింది. చాలా కష్టమైంది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ ఆపుకుంటూ వచ్చింది. తర్వాత క్యారల్ కింద మోకాళ్ళూని పట్టీ తగిలించడానికి ఆమె పాదం అందుకోబోయింది. ప్రేమమణి కాలు వెనక్కి లాక్కుంది.

"వద్దే. మడమలు పగిలి ఉన్నాయి."

"తెలుసులే. రాత్రుళ్ళు నీ మడమలకి వ్యాసలీన్ రాసింది ఎవరు? నేనేగా. పెళ్ళయితే మర్చిపోతానా?"

పాదం ఆ చేతిలో ఆగింది. పడుకుని ఏడిస్తే కన్నీళ్ళు బుగ్గల మీదికి రావు, చెవుల్లోకి పోతాయి. ప్రేమమణికి ఆ సంగతి అప్పుడే తెలిసింది.

"నువ్వు ఇంకొక్కసారి అడిగి ఉండాల్సింది."

"నువ్వు ఒక్కసారి లోపలికి రావాల్సిందమ్మా."

"వచ్చాను కదా."

"వచ్చావు" అంది క్యారల్. ఆమె కన్నీరు తల్లి పాదం మీద పడింది. ఇద్దరూ దాన్ని తుడవలేదు.

ఆ తర్వాత పొద్దున్న వేళల్లో కూతురు ఫోన్ ఎత్తకపోయినా ప్రేమమణికి కోపం రాలేదు. వారంలో తన క్లాసు రోజులు తనకున్నాయి. మోకాళ్ళు కొత్తవేమీ కాలేదు. మెట్లెక్కితే ఇంకా పలికేవి. కానీ వంటింట్లో గరిటె పడితే వంగి తీసుకోవడం మొదలుపెట్టింది. ఆర్థర్‌కి ఆ సంగతి, పిలుపు వినబడని ఒక పొద్దున తెలిసింది.

వానాకాలం వెళ్ళాక స్త్రీల ప్రార్థన మల్కాజ్‌గిరిలో ప్రేమమణి ఇంట్లో పెట్టుకున్నారు. చివర్లో అయ్యగారి భార్య ఎప్పట్లాగే, "ప్రేమమణమ్మగారూ, ముగించండి" అన్నారు.

"ఇవాళ మా వదినగారు చేస్తారండీ. నేను ఆమెన్ అంటాను."

పుష్పమ్మగారు కంగారుపడ్డారు. ఆవిడకి నలుగురిలో ప్రార్థన చేసే అలవాటు లేదు. ప్రేమమణి కుర్చీ అంచు పట్టుకుని, నేల మీద వేసిన దిండు మీదికి ఒక మోకాలు, ఆపుకుంటూ ఆపుకుంటూ రెండో మోకాలు దించింది. పుష్పమ్మగారు కూడా పక్కనే మోకరించారు.

"ప్రభువా" అని ఆగిపోయారు పుష్పమ్మగారు. మాట వెతుక్కున్నారు. "మా క్యారల్‌ని కని, పెంచి, మా ఇంటికి పంపించిన తల్లి కోసం నీకు స్తోత్రం. నాకింకేం మాటలు రావట్లేదు ప్రభువా."

"ఆమెన్" అంది ప్రేమమణి, అందరికన్నా ముందు.

లేవడానికి ఆమె తల ఎత్తకముందే చెరోవైపు నుంచీ రెండు చేతులు ముందుకొచ్చాయి. ఒకటి కూతురిది, ఒకటి వదినగారిది. ముందుగా తగిలిన చెయ్యి పట్టుకుని ఆమె నిదానంగా లేచింది. అది ఎవరిదో చూసుకోలేదు.